కేస్ షీటులో తిండికి చోటుందా?

(ఒక జిల్లా ప్రభుత్వాసుపత్రి. డాక్టరు, డైటీషియన్, నర్సు, ఫార్మసిస్టు కలిసి రోగుల పోషణ చూసే బృందం ఒకటి వెయ్యాలన్నది ప్రతిపాదన.)

సూపరింటెండెంట్: రాత్రిపూట ఒక్క నర్సు రెండు వార్డులు చూస్తోందమ్మా. ఎవర్ని తీసి మీ బృందంలో వెయ్యను? భోజనం పెడుతున్నాం, గుడ్డు, పాలు ఇస్తున్నాం.

డైటీషియన్: ఇస్తున్నాం సార్. తిన్నారో లేదో ఎవరు చూస్తున్నారు? ఆపరేషనని పొద్దుట్నుంచి పస్తుంచుతాం, అది రేపటికి వాయిదా పడుతుంది. నాన్న తినట్లేదని కూతురు మొత్తుకుంటే సెలైన్ ఎక్కిస్తాం. ఆ సీసాలో ఉండేది ఐదు శాతం డెక్స్‌ట్రోజు, అంటే గ్లూకోజు నీళ్లు; లీటరుకి 200 కిలోక్యాలరీలు మించవు, ప్రోటీన్ అసలే లేదు.

సూపరింటెండెంట్: తినిపించడం ఇంటివాళ్ల పని కదా.

డైటీషియన్: వాళ్లకి ప్రేమ ఉంది, ప్రమాదం తెలీదు. వారాల తరబడి తిండిలేక చిక్కినవాళ్లకి ఒక్కసారిగా కడుపునిండా పెడితే రక్తంలో ఫాస్ఫేటు పడిపోతుంది, గుండె లయ తప్పుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో ఆకలికి తట్టుకుని బతికిన ఖైదీల్లో కొందరు తిండి దొరికాక చనిపోయారు. ముందు థయమిన్ (బి1 విటమిన్) ఇచ్చి, కొద్దికొద్దిగా పెంచుతూ, రక్తపరీక్షలు చూసుకోవాలి. మన ఎన్‌ఆర్‌సీలో, అదే పోషకాహార పునరావాస కేంద్రంలో, బాగా చిక్కిన పిల్లలకి చేస్తున్నది అదేగా! మొదట తక్కువ బలమున్న ఎఫ్-75 పాలు, కుదుటపడ్డాకే ఎక్కువ బలమున్న ఎఫ్-100 పాలు. పసిబిడ్డకున్న ఆ పద్ధతి టీబీ వార్డులో తాతకి ఎందుకు లేదు?

సూపరింటెండెంట్: టీబీవాళ్లకి తిండి ఖర్చుకని ప్రభుత్వం నెలకి వెయ్యి రూపాయలు ఖాతాలో వేస్తోంది. 2024 నవంబరు దాకా అది 500.

డైటీషియన్: మంచిదే. మింగలేక మంచంమీదున్నవాడికి ట్యూబు ద్వారా ఏం పోయాలో, ఎంత పోయాలో ఆ వెయ్యి చెప్పదు కదా సార్.

సూపరింటెండెంట్: దీనివల్ల ప్రాణాలు నిలుస్తాయని రుజువుందా?

డైటీషియన్: ఉంది. స్విట్జర్లాండులో 8 ఆసుపత్రుల్లో, పోషకలోపం ముప్పున్న రెండువేల మందికి పైగా రోగుల మీద చేసిన అధ్యయనం 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మామూలు భోజనం తిన్నవాళ్లలో నెలరోజుల్లో 10 శాతం చనిపోయారు. ఎవరికెంత కావాలో లెక్కగట్టి అందించినవాళ్లలో 7 శాతమే.

సూపరింటెండెంట్: స్విట్జర్లాండు సిబ్బంది మనకెక్కడిది?

డైటీషియన్: లేరు. కానీ మన దగ్గరికి వచ్చేవాళ్లు ఇంకా బక్కచిక్కి వస్తున్నారు. కొత్త పోస్టులు అడగను. చేరినరోజే బరువు, ఈమధ్య బరువు తగ్గిందా, తిండి తగ్గిందా అన్నవి కేస్ షీటులో రాయాలి. వారానికి రెండుసార్లు నలుగురం కలిసి రౌండుకెళ్లాలి.

సూపరింటెండెంట్: సరే, సర్జికల్ వార్డులో మొదలుపెట్టండి. రాతపని పెరిగిందని నర్సులు నా దగ్గరికొస్తే మాత్రం ఆపేస్తాను.

డైటీషియన్: ఆ గళ్లు నేనే నింపుతాను సార్. వార్డుకి తూకం మిషను ఇప్పించండి.