తోక పోయిన లాప్‌టాప్

మొన్న అరసవల్లిలో మా మావయ్య షష్టిపూర్తి. పాత ఫొటోలన్నీ మా బావ దగ్గరున్న ఇరవై ఏళ్లనాటి లాప్‌టాప్‌లో ఉన్నాయి. ప్రొజెక్టర్ కుర్రాడు, లాప్‌టాప్ బొమ్మని ప్రొజెక్టర్‌కి పంపే నీలం వీజీఏ కేబుల్ పట్టుకుని దాన్ని నాలుగు పక్కలా తిప్పి చూసి, "ఏటన్నా, దీనికి పోర్టే లేదేటి?" అన్నాడు. ఉంది. గోరంత మినీ వీజీఏ. దానికి తగిలించే జానెడు తోక, అదే కన్వర్టర్, ఎప్పుడో పోయింది.

ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మూడు షాపులు తిరిగాను. మూడో ఆయన కన్వర్టర్ల డబ్బా మొత్తం బోర్లించి, "ఇది ఇప్పుడు రాదు బాబూ, వైజాగ్‌లో అడుగు" అన్నాడు. వైరు ముక్క కోసం వంద కిలోమీటర్లా! చివరికి ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాం. ఎక్కేసరికి సగం మంది భోజనాలకు లేచిపోయారు.

1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ మోటుగానే ఉంటుంది. 15 పిన్నులు, అటొక స్క్రూ, ఇటొక స్క్రూ. "సన్నటి లాప్‌టాప్‌లో అంత లావు పోర్టు ఎలా పెడతార్రా?" అంటాడు బావ. సరే, చిన్నది చేసుకోండి. కానీ ఎన్నిసార్లు మారుస్తారు? ఆపిల్‌నే చూడండి. మినీ వీజీఏ ఉండగానే 2003లో మినీ డీవీఐ అని ఇంకో రకం పోర్టు తెచ్చింది. 2008 జనవరిలో మొదటి మ్యాక్‌బుక్ ఎయిర్‌కి మైక్రో డీవీఐ పెట్టింది. అదే ఏడాది అక్టోబరులో దాన్నీ తీసేసి మినీ డిస్‌ప్లేపోర్ట్ పెట్టింది. ఒకదాని తోక ఇంకోదానికి పట్టదు. మైక్రో డీవీఐ అయితే ఆపిల్‌లో ఆ ఒక్క మోడల్‌తోనే సరి.

ఆ చివరిదాని విషయంలో మాత్రం మెచ్చుకోవాలి. లైసెన్సు ఫీజు లేకుండా అందరికీ వదిలారు. డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణాలు చూసే వెసా (వీసా కాదు!) అనే సంస్థ దాన్ని తమ ప్రమాణంలో చేర్చుకుంది. వేరే కంపెనీల లాప్‌టాప్‌లకూ వచ్చింది. అందుకే ఆ షాపాయన డబ్బాలో దాని కన్వర్టర్లు రెండు కనిపించాయి, మాది కనిపించలేదు. అది మాత్రం చిన్న పోర్టు కాదా బావా? చిన్నదే. కాకపోతే ఎవరైనా చేసుకోవచ్చు, ఎవరైనా అమ్ముకోవచ్చు. మనకి అమ్మేవాళ్లు ఆ తోకని పెట్టెలోనే ఇచ్చినా, విడిగా డబ్బులు తీసుకుని ఇచ్చినా, పది పదిహేనేళ్లు దాన్ని కాపలా కాయాల్సింది మాత్రం మనమే. ఇంట్లో పట్టాదారు పాసుపుస్తకమే వెతుక్కుంటాం, ఇంక ఇదెక్కడ దొరుకుతుంది?

నిన్న రాత్రి బావ ఫోన్. అటకంతా దులిపాడట. "తోక దొరికిందిరా!" అన్నాడు. ఫొటో పంపమన్నాను. పంపాడు. పాత టీవీకి పెట్టే పసుపు పిన్నుది.