సవరణ: నెట్ "ప్రాథమిక హక్కు" అన్న లైన్ గురించి

మొన్నటి పోస్ట్‌లో "నెట్ వాడుకోవడం ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2020లో తేల్చేసింది" అని ఉంది కదా, ఆ లైన్ మార్చాను, స్క్రీన్‌షాట్ తీసి మన వైజాగ్ గ్రూపుల్లో తిప్పుతున్నవాళ్ళు పాతది తీసేసి ఇది పెట్టండి గురూ.

2020 జనవరి 10న అనురాధా భాసిన్ కేసులో (2019 ఆగస్టులో కాశ్మీర్‌లో నెట్ ఆపేసిన వ్యవహారం) కోర్టు అన్నది ఏటంటే, నెట్ ద్వారా మాట్లాడే స్వేచ్ఛకి, వ్యాపారం చేసుకునే స్వేచ్ఛకి రాజ్యాంగం 19వ అధికరణం రక్షణ ఉంది అని. నెట్ అందుబాటే ఒక హక్కా కాదా అన్నది లాయర్లెవరూ వాదించలేదు కాబట్టి దాని జోలికి పోలేదు. నెట్ అందుబాటు హక్కే అన్న మాట అంతకుముందే, 2019లో, కేరళ హైకోర్టు అంది, అదీ కాలేజీ హాస్టల్లో అమ్మాయిల ఫోన్ల మీద ఆంక్షల కేసులో. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణంలో (జీవించే హక్కు) భాగమంది గానీ అది చూపు లేనివాళ్ళు, యాసిడ్ దాడి బాధితుల కేవైసీ (గుర్తింపు తనిఖీ) కష్టాల మీద తీర్పు, షట్‌డౌన్ల మీద కాదు.

"అయితే ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపేయొచ్చన్నమాట" అని ఒకాయన మెసేజ్ పెట్టాడు. లేదండీ బాబూ. ఆపితే ఆర్డర్ బయటపెట్టాలి, గడువు లేకుండా ఆపకూడదు, ఆ ఆర్డర్ మీద కోర్టుకి వెళ్ళొచ్చు, ఇవన్నీ అదే 2020 తీర్పులో ఉన్నాయి, నన్నడిగితే మనకి పనికొచ్చే ముక్క ఇదే. 2022 మేలో అమలాపురం గొడవలప్పుడు కోనసీమలో నెట్ ఆపేశారు, ఇక్కడ మనవాళ్ళలో ఆ ఆర్డర్ కాపీ చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే పంపండి, పోస్ట్‌కి జత చేస్తాను.