ఆడిట్ పేరా ఎవరి బల్ల మీదికి వెళ్లాలి?

ప్రభుత్వ ఇంటికి డబ్బు ఒకేసారి రాదు. పునాది పూర్తయితే కొంత, గోడలు కప్పు దాకా లేస్తే కొంత, స్లాబ్ పడితే మరికొంత వస్తుంది. హౌసింగ్ ఆఫీసుల్లో వీటిని బీఎల్, ఆర్‌ఎల్, ఆర్‌సీ అంటారు. ప్రతి దశకూ ఫొటో తీయాలి, ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, కొలతలు ఎక్కాలి, ఇంజినీర్లయిన ఏఈ, డీఈ సంతకాలు పడాలి, అప్పుడే బిల్లు. కాగితం మీద ఇంతకన్నా పకడ్బందీ ఏర్పాటు ఇంకేం కావాలి? అయినా ‘కట్టని ఇంటికి బిల్లు’ అన్న మాట తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఎవరికీ కొత్త కాదు. ఇందిరమ్మ ఇళ్ల రోజుల నుంచీ వింటున్నాం. రాష్ట్రం విడిపోయిన 2014లోనే తెలంగాణ ప్రభుత్వం ఆ పథకం మీద సీఐడీ విచారణకు ఆదేశించింది. ఇక మన దగ్గర పాలకులు మారినప్పుడల్లా గత ప్రభుత్వపు ఇళ్ల మీద విచారణ అంటారు, కింది స్థాయిలో ఒకరిద్దరిని సస్పెండ్ చేస్తారు, ఆ తర్వాత అంతా మామూలే.

తనిఖీలు లేవా అంటే, లేకేం! 1979లో ఏర్పడిన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ప్రభుత్వ కంపెనీ. ప్రభుత్వ కంపెనీల చట్టబద్ధ ఆడిటర్‌ను నియమించేది ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్. ఆ ఆడిటర్ రిపోర్టు మీద కాగ్ మళ్లీ అనుబంధ ఆడిట్ కూడా చేయొచ్చు. బ్యాంకులు, ఆర్థిక సంస్థల నుంచి తెచ్చిన అప్పు రూ.100 కోట్లు దాటితే అంతర్గత ఆడిటర్ ఉండి తీరాలని 2013 కంపెనీల చట్టంలోని 138వ సెక్షన్, దాని కింది నిబంధనలు చెబుతున్నాయి. వీటికి తోడు విజిలెన్స్ ఉంది. గ్రామీణ ఆవాస్ యోజన ఇళ్లకైతే ప్రతి పంచాయతీలో ఏడాదికి ఒక్కసారైనా సామాజిక తనిఖీ, అంటే ఊరివాళ్ల ఎదుటే లెక్కలు సరిచూడటం, జరగాలి. ఆ తనిఖీల కోసం 2009లోనే ప్రత్యేక సొసైటీ పెట్టి దేశానికి దారి చూపింది కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశే.

అయితే కాగ్ గానీ, చట్టబద్ధ ఆడిటర్ గానీ వచ్చేది ఏడాది లెక్క ముగిశాకే. డబ్బు పోతుండగానే పట్టుకునే వీలున్నది అంతర్గత ఆడిటర్‌కు. ఆయన తాను పట్టుకున్నది ఎవరికి చెప్పాలి అన్నదే మా ప్రశ్న.

ప్రభుత్వ కార్పొరేషన్లలో మామూలుగా నడిచే తంతు ఇది. ఆడిట్ చేసేది ఏదో శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చిన అకౌంట్స్ అధికారి, లేదా తక్కువ ఫీజుకు ఒప్పుకున్న సీఏ ఫర్మ్. రిపోర్టు ముసాయిదా ఎండీ పేషీకి వెళ్తుంది. ఏ డివిజన్‌లో తప్పు దొరికిందో అదే డివిజన్‌కు వివరణ కోసం దిగుతుంది. ‘ఇకపై జాగ్రత్త వహిస్తాం’ అని వివరణ వస్తుంది. ఆడిట్ పేరా, అంటే ఆడిటర్ రాసిన అభ్యంతరం, డ్రాప్. మరుసటి ఏడాది మళ్లీ అదే పేరా, అంకెలు మాత్రం వేరు. ఆడిటర్ గట్టిగా పట్టుబట్టవచ్చు కదా అనొచ్చు. ఆయన రెన్యువల్ ఫైలు మీద సంతకం పెట్టాల్సింది కూడా ఎండీనే. నిజానికి నిబంధనల్లో ఉన్నది ఇది కాదు. అంతర్గత ఆడిట్ ఎంతవరకు, ఏ పద్ధతిలో, ఎన్నాళ్లకొకసారి అన్నది ఆడిటర్‌ను సంప్రదించి ఆడిట్ కమిటీ గానీ బోర్డు గానీ ఖరారు చేయాలి. అక్కడ ఎండీ ప్రస్తావనే లేదు.

ఈ ముడిని రిజర్వ్ బ్యాంక్ కొంతవరకు విప్పింది. గృహ రుణ సంస్థల నియంత్రణ 2019 ఆగస్టులో నేషనల్ హౌసింగ్ బ్యాంక్ నుంచి దాని చేతికి వచ్చింది. డిపాజిట్లు తీసుకునే ప్రతి గృహ రుణ సంస్థా, తీసుకోకపోయినా రూ.5,000 కోట్ల ఆస్తులున్న ప్రతి సంస్థా 2022 జూన్ 30లోగా రిస్క్ ఆధారిత అంతర్గత ఆడిట్‌కు (ప్రమాదం ఎక్కువున్న చోట ముందు చూసే పద్ధతికి) మారాలని 2021లో ఆదేశించింది. ఆడిట్ విభాగాధిపతి కనీసం మూడేళ్లు కదలకుండా ఉంటే మంచిదంది. రుణాల విభాగంతో ఆయనకు ఎలాంటి లంకె ఉండకూడదు, టార్గెట్లు ఇవ్వకూడదు. ఒకవేళ ఆయన ఎండీ కిందే పనిచేస్తుంటే, ఆడిట్ కమిటీ గానీ బోర్డు గానీ మూడు నెలలకొకసారైనా ఆయనతో విడిగా కూర్చోవాలి. ఎండీ సహా పెద్ద అధికారులెవరూ ఆ గదిలో ఉండకూడదు. మాకు అన్నిటికన్నా నచ్చిన వాక్యం ఇదే. ఆ ఆదేశం రాష్ట్ర కార్పొరేషన్ల కోసం రాసింది కాదు, నిజమే. కానీ బోర్డు ఒక్క తీర్మానం చేసి అదే పద్ధతి పెట్టుకుంటే కాదనేదెవరు?

రిజర్వ్ బ్యాంక్ ఇంత పట్టుదలగా ఉండటానికి అనుభవం ఉంది. 1988లో పుట్టిన నేషనల్ హౌసింగ్ బ్యాంక్ నాలుగేళ్లు తిరక్కుండానే సెక్యూరిటీల కుంభకోణంలో ఇరుక్కుంది. ఒక విదేశీ బ్యాంకు పేర రాసిన చెక్కుల సొమ్ము హర్షద్ మెహతా ఖాతాలో జమయింది. సామాన్యుడి ఇంటి అప్పు కోసం పెట్టిన సంస్థ డబ్బు షేర్ బ్రోకర్ చేతికి పోయింది. 2021 మార్చిలో గృహ రుణ కంపెనీ డీహెచ్ఎఫ్ఎల్ మీద సీబీఐ పెట్టిన కేసు ఇంకా విడ్డూరం. బాంద్రాలో లేని బ్రాంచి పేర 2.60 లక్షల బోగస్ గృహ రుణ ఖాతాలు సృష్టించారని, పీఎం ఆవాస్ యోజన వడ్డీ రాయితీ కింద రూ.1,880 కోట్లు క్లెయిమ్ చేశారని ఆరోపణ. రిజర్వ్ బ్యాంక్ ఆ కంపెనీ బోర్డును రద్దు చేసి, ఫోరెన్సిక్ ఆడిట్ జరిగాక గానీ ఇది బయటికి రాలేదు. అన్నేళ్లూ ఆ కంపెనీ అంతర్గత ఆడిటర్లు ఏ రిజిస్టర్లు తిరగేసినట్టు?

ముంబయి కథలు మనకెందుకని ఎవరైనా అంటే, శ్రీకాళహస్తి వైపు చూడమంటాం. 2020 డిసెంబర్ 28న అప్పటి ముఖ్యమంత్రి ఊరందూరులో ఇళ్ల పట్టాలు పంచారు. ఆ పథకంలో ఇంటికి రూ.1.80 లక్షలు. ఆ డబ్బు చాలక రాష్ట్రమంతటా ఎన్నో ఇళ్లు మధ్యలో ఆగాయి. అలా ఆగిన ఇళ్లకు ఎస్సీ, బీసీలకైతే రూ.50 వేలు, ఎస్టీలకు రూ.75 వేలు, ఆదిమ గిరిజన తెగలకు రూ.లక్ష అదనంగా ఇస్తామని 2025 మార్చిలో ఇప్పటి ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. మంచి పనే. అయితే ఈ సాయం అసంపూర్తి ఇళ్లకు మాత్రమే. ఇల్లు అసంపూర్తిగా ఉందో లేదో చెప్పేది రికార్డు.

ఏర్పేడు, శ్రీకాళహస్తి మండలాల్లో ఎస్టీలైన యానాది కుటుంబాలు తక్కువేం కాదు. వాళ్లలో చాలామంది సొంతంగా మేస్త్రీని పెట్టి, సిమెంటు తెచ్చుకుని కట్టుకోగలిగినవాళ్లు కారు. ఎవరో గుత్తేదారు చేతిలో పెట్టాల్సిందే. ఆ ఇంటికి ఫొటో ఎవరు తీశారో, బిల్లు ఏ దశ దాకా పోయిందో ఆ ఇంటావిడకు తెలియదు. అలాంటి చోట గోడల ఎత్తులో ఆగిన ఇంటిని ఎం-బుక్‌లో స్లాబ్ పడినట్టు రాసేశారనుకుందాం. పోయింది ఒక దశ బిల్లు మాత్రమే కాదు. ఆ కుటుంబానికి రావాల్సిన రూ.75 వేలకు కూడా దారి మూసుకుపోతుంది. ఇల్లు పూర్తయిందని ఆన్‌లైన్‌లో చూపిస్తుంటే కొత్త పథకంలోనూ చోటు దొరకదు. ఇల్లు లేనివాళ్లే, లెక్కలో మాత్రం ఇంటి యజమానులు. ఆడిటర్ ఆ కొలత తప్పని రాసినా, ఆ పేరా డివిజన్ ఆఫీసు వివరణతో డ్రాప్ అయిపోతే ఆ విషయం ఆమె చెవిన వేసేవాళ్లెవరు? ఆడిట్ అంటే ప్రభుత్వానికి డబ్బు మిగల్చడమే అనుకునేవాళ్లు ఈ కోణం చూడరు.

పట్టణ పేదల కోసం కట్టిన టిడ్కో ఇళ్లదీ ఇదే తలనొప్పి, రూపం వేరు. అక్కడ చాలా ఇళ్లకు అప్పు లబ్ధిదారుడి పేర బ్యాంకులో ఉంటుంది. తాళం చేతికి రాకముందే కిస్తీ కట్టమని నోటీసులొచ్చి జనం టెన్షన్ పడ్డ ఉదంతాలు రాష్ట్రంలో ఎన్నో. ఇల్లు అప్పగించక ముందే వాయిదా మొదలైతే ప్రమాదమని ముందే హెచ్చరించడం కూడా అంతర్గత ఆడిట్ పనే.

పట్టుకోవడం వేరు, పట్టుకున్నాక జరిగేది వేరు. ఈ తేడా తిరుపతి వాళ్లకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. 2023లో తిరుమల హుండీ కానుకలు లెక్కించే పరకామణిలో చోరీ దొరికింది, అంటే నిఘా పనిచేసింది. ఆ కేసు అదే ఏడాది లోక్ అదాలత్‌లో రాజీతో ముగిసిపోయింది. మళ్లీ 2025లో హైకోర్టు జోక్యం చేసుకుని సీఐడీని రంగంలోకి దింపితే గానీ ఫైలు కదల్లేదు.

హౌసింగ్ కార్పొరేషన్‌లో అంతదాకా పోకూడదంటే బోర్డు బోర్డులా పనిచేయాలి. ఛైర్మన్ పదవి నామినేటెడ్ పోస్టు, ఎన్నికల్లో పనిచేసినవాళ్లకు బహుమానం. మిగతా డైరెక్టర్లలో ఎక్కువమంది హోదా రీత్యా కూర్చునే కార్యదర్శులు, వాళ్లకు ఇలాంటి బోర్డులు ఇంకా ఎన్నో. ఆడిట్ కమిటీలో మెజారిటీ స్వతంత్ర డైరెక్టర్లు ఉండాలన్న కంపెనీల చట్టం 177వ సెక్షన్ స్ఫూర్తి నిలవాలంటే, ఆ కుర్చీల్లో లెక్కలు తెలిసిన రిటైర్డ్ ఆడిట్ అధికారులో, నిర్మాణం తెలిసిన ఇంజినీర్లో ఉండాలి. అంతర్గత ఆడిటర్ నియామకం, ఫీజు, తొలగింపు ఆ కమిటీ చేతిలో పెట్టాలి. కమిటీ సమ్మతి లేనిదే ఏ పేరా డ్రాప్ కాకూడదు. ఏర్పేడులోనే ఐఐటీ ఉంది. పక్క లేఅవుట్లలో నమూనాకు కొన్ని ఇళ్లు ఎంచుకుని సివిల్ విద్యార్థుల చేత కొలిపించడానికి పెద్ద ఖర్చు కూడా కాదు.

ఇంకో సంగతి ఉంది, దాన్ని ఎవరూ ఎత్తడం లేదు. 2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు జిల్లా చిత్తూరు, తిరుపతి, అన్నమయ్య జిల్లాల మధ్య చీలింది. తిరుపతి జిల్లాలోకి నెల్లూరు నుంచి గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి ప్రాంతాలు కూడా వచ్చి కలిశాయి. ఇళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, రాసిన అధికారులు బదిలీ అయ్యారు, కొందరు రిటైరయ్యారు. అప్పటికి తేలని ఆడిట్ పేరాలు ఇప్పుడు ఏ జిల్లా ప్రాజెక్ట్ డైరెక్టర్ (పీడీ) ఆఫీసు ఖాతాలో ఉన్నాయి? చిత్తూరు, తిరుపతి కలెక్టర్లు మండలాల వారీగా ఆ జాబితా తయారు చేయించి, ప్రతి సచివాలయం నోటీసు బోర్డు మీద ఇంటి నంబరు, రికార్డులో ఉన్న దశ, చెల్లించిన మొత్తం అతికించాలి. అదనపు సాయం లెక్కలు మూసేలోపు ఈ పని జరగాలి. లెక్క మూసేశాక తప్పు బయటపడినా ఆ కుటుంబానికి ఇవ్వడానికి నిధి ఉండదు.