మూతి మారిన కారు, డీజిల్ లెక్క

మొత్తానికి గోదావరి జిల్లాల చిరకాల కోరిక తీరింది. ఓ చిన్నకారు మళ్లీ కొత్త ముఖంతో వచ్చింది, పైగా ఈసారి డీజిల్‌లో కూడా వచ్చింది. డ్రైన్ల పూడిక, రొయ్యల రేటు లాంటి చిన్నాచితకా విషయాలు తరవాత చూసుకోవచ్చు, ముందు దీని సంగతి తేల్చుకుందాం.

ముఖం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. హెడ్‌లైట్లు సన్నబడ్డాయి, గ్రిల్లు వెడల్పైంది, వెనక లైట్లు రెండూ కలిసి ఒకే గీత అయ్యాయి. తలుపులు మాత్రం పాతవే. ఫేస్‌లిఫ్ట్ అంటే మామూలుగా బంపర్లు, లైట్లు మారుస్తారు గానీ డోర్ల రేకు జోలికి పోరు, అచ్చులు మార్చడం ఖర్చుతో కూడిన పని. అయినా సంక్రాంతికి అత్తారింటి ముందు ఆగే కారుని ఎవరూ పక్కనుంచి చూడరు, ఎదురెళ్లి చూస్తారు. ఆ మర్మం కంపెనీవాళ్లకి బాగానే తెలుసు. సన్‌రూఫ్ కూడా పెట్టారు, కొబ్బరిచెట్టు కింద కారు పెట్టకూడదని పుట్టినప్పటి నుంచి తెలిసిన మనకి.

పొడవు మాత్రం మిల్లీమీటరు పెరగలేదు. పెరగదు కూడా. 2006 బడ్జెట్లో చిన్నకార్లకి ఎక్సైజు సుంకం తగ్గించినప్పటి నుంచీ ఈ దేశంలో చిన్నకారంటే నాలుగు మీటర్ల లోపు ఉండాలి, ఇంజన్ పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ గీత లోపలుంటే జీఎస్టీ 18 శాతం, దాటితే 40. అందుకే చాలా కార్ల పొడవు 3,995 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. పక్కవాడి గట్టుని ఏటా జానెడు చెక్కే పెద్దమనుషులు మన ఊళ్లో చాలామందే ఉన్నారు గానీ, గీతకి అయిదు మిల్లీమీటర్లు ఇవతలే ఆగే నిగ్రహం నేను ఒక్కరిలోనూ చూడలేదు.

ఇక డీజిల్. ఒకప్పుడు పెట్రోలుకీ డీజిలుకీ లీటరు దగ్గర పాతిక ముప్పై రూపాయల తేడా ఉండేది. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద కంట్రోలు ఎత్తేశాక ఆ వైభవం పోయింది. 2020 ఏప్రిల్‌లో బండ్ల పొగ మీద బీఎస్-6 అనే కొత్త నిబంధన వచ్చేసరికి మారుతీ అంతటి కంపెనీయే డీజిల్‌కో దండం పెట్టి ఊరుకుంది. లోకమంతా ఊరుకున్నా మనం ఊరుకోం కదా. మొన్న షోరూమ్‌లో కుర్రాడు మా బాబాయ్‌గారికి మర్యాదగానే చెప్పాడు.

“బాబాయ్‌గారూ, మీ తిరుగుడుకి పెట్రోలు చాలండి.”

“ఏంటయ్యా, డీజిల్ కొనేంత డబ్బుల్లేవనుకున్నావా?”

ఆ కుర్రాడు పాపం “ఆయ్, అలాగేనండి” అని డీజిల్ బుకింగ్ రాసేసుకున్నాడు.

కాగితమ్మీద లెక్క చూద్దాం. డీజిల్ బండి లక్షా పాతికవేలు ఎక్కువ అనుకోండి. లీటరుకి పదీపన్నెండు రూపాయల తేడా, నాలుగైదు కిలోమీటర్ల మైలేజీ, అన్నీ కలిపితే కిలోమీటరుకి రెండు రూపాయలు మిగుల్తాయి. అంటే 62,500 కిలోమీటర్లు తిరిగితే అసలు చేతికొస్తుంది. అమలాపురం పనులు, రాజమండ్రి ఆసుపత్రి, పెళ్లిళ్లు, ద్వారకాతిరుమల మొక్కు కలిపి ఏడాదికి అయిదువేలు తిరిగే మనిషికి పన్నెండున్నరేళ్లు. ఈలోగా కారు ఇంకో మూడుసార్లు మూతి మార్చుకుంటుంది. ఈ లెక్క చెప్తే బాబాయ్‌గారు నవ్వి, యానాంలో పన్ను తక్కువ కాబట్టి ట్యాంకు అక్కడే కొట్టిస్తానన్నారు. యానాం పోయిరావడానికయ్యే డీజిల్ ఆయన లెక్కలో లేదు, అది షికారు ఖాతా.

అసలు కథ పొగగొట్టం దగ్గరుంది. ఇప్పటి డీజిల్ కార్లకి మసి పట్టే ఫిల్టరొకటి ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. పట్టిన మసిని అదే కాల్చుకోవాలి, దానికి ఆరువందల డిగ్రీల దాకా వేడి కావాలి, ఆ వేడి పుట్టాలంటే బండి ఆగకుండా కాసేపు జోరుగా పోవాలి. పోకపోతే మసి పేరుకుని మీటర్లో పసుపు లైటు వెలుగుతుంది. అప్పుడు, మోడల్‌ని బట్టి, అరవై పైన ఓ ఇరవై నిమిషాలు ఏకధాటిగా నడపమంటారు.

మన కాలవగట్టు మీద! ముందు గడ్డిమోపుల ట్రాక్టరు, అది తప్పుకుంటే గేదెలు, అవి దిగితే రోడ్డులో సగానికి ఆరబోసిన ధాన్యం, ఆ పక్కనే కాలు అడ్డంపెట్టి ఫోన్ మాట్లాడుకునే ఆసామి, ఆ తర్వాత రంగు వెలిసిన స్పీడ్‌బ్రేకరు. సఖినేటిపల్లి రేవులో అయితే ఇంజన్ ఆపేసి, బండ్లని ఏరు దాటించే పంటు మీద కూర్చోవడమే. ఇరవై నిమిషాలు మూడో గేరు దాటితే అదే గొప్ప. కాబట్టి పసుపు లైటు వెలిగినప్పుడల్లా బాబాయ్‌గారు రావులపాలెం వెళ్లి హైవే ఎక్కి, ఏ పనీ లేకుండా తణుకు దాకా పోయి, టీ తాగి తిరిగొస్తారు. మిగిలిన డీజిల్ డబ్బులన్నీ ఆ ఫిల్టరుకి కర్పూరం కింద వెలిగించి వస్తారన్నమాట. పిన్నిగారు మాత్రం ఆ తణుకు ట్రిప్పుల గురించి ఇంకేదో అనుకుంటున్నారు, ఆ టెన్షన్ వేరే.

కంపెనీవారికి డెల్టా రైతాంగం తరఫున ఒకటే మనవి. ఈసారి మూతి మార్చినప్పుడు ఆ ఇంజన్‌కి బయటికి ఒక పుల్లీ ఇవ్వండి. దాళ్వాలో, అదే రెండో పంటకి, శివారు చేలకి నీళ్లెక్కక మేం ఆయిల్ ఇంజన్లు అద్దెకి తెచ్చుకుంటున్నాం. కారుని చేలో నిలబెట్టి బెల్టేసి గంటసేపు ఫుల్ రేజింగులో తోడితే చేనూ తడుస్తుంది, మసీ కాలుతుంది, తణుకు పోయే పనీ తప్పుతుంది. దానికింకో యాభైవేలు ఎక్కువైనా పర్వాలేదండి, ఎన్నాళ్లకి గిట్టుబాటవుతుందో బాబాయ్‌గారు లెక్క చూసుకుంటారు.