నా మైళ్లు, వాళ్ల తాకట్టు

నా పేరు మీద 1,84,320 మైళ్లున్నాయి. పొలం కాదు, బంగారం కాదు, మైళ్లు. అంటే విమానం ఎక్కినప్పుడల్లా కంపెనీ నా ఖాతాలో వేసే పాయింట్లు, కూడితే ఉచిత టికెట్టుకు పనికొస్తాయి. పదకొండేళ్లపాటు మధ్య సీట్లో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూడబెట్టిన ఆస్తి. రాత్రి పడుకోబోయే ముందు యాప్ తెరిచి ఆ అంకెను ఒక్కసారి చూసుకుంటే గానీ నాకు కన్ను మూతపడదు.

మొన్న ఆ నిద్ర కాస్తా పోయింది. ‘మీ మైళ్లు పూర్తిగా భద్రం’ అని విమానాల కంపెనీ నుంచి మెయిలొచ్చింది. నేను అడగలేదు. మనం అడగకముందే ఎదురొచ్చి ‘మీ డబ్బెక్కడికీ పోదండీ’ అన్నాడంటే ఏమిటర్థమో చేబదులిచ్చిన ప్రతివాడికీ తెలుసు.

వెంటనే నిబంధనలు చదవడానికి కూర్చున్నాను. పదకొండేళ్ల క్రితం ‘చదివాను, అంగీకరిస్తున్నాను’ అని అబద్ధమాడి టిక్కు పెట్టినవే. మైళ్లు సభ్యుడి ఆస్తి కావట. వాటికి నగదు విలువ లేదట. పథకాన్ని కంపెనీ ఎప్పుడైనా మార్చవచ్చు, ఎత్తేయవచ్చు. అంటే ఇన్నాళ్లూ నేను కాపలా కాసింది నాది కాని, విలువ లేని, ఎప్పుడు మాయమవుతుందో తెలియని దానికి. గాలిలో దీపం పెట్టి దేవుడా నీవే దిక్కు అన్నట్టే, కాకపోతే మన దీపం ముప్పై వేల అడుగుల ఎత్తున ఉంది.

సరే, విలువ లేదన్నారు కదా అని మనసు రాయి చేసుకోబోతుంటే 2020 గుర్తొచ్చింది. కరోనాతో విమానాలన్నీ నేల మీద నిలబడిపోయిన ఏడాది. అమెరికాలో యునైటెడ్ అనే విమానాల కంపెనీ తన మైళ్ల పథకాన్ని తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. అక్కడిదే మరో కంపెనీ డెల్టా తన పథకం మీద 900 కోట్లు, మరుసటి ఏడాది అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1,000 కోట్లు. యునైటెడ్ అయితే తన మైళ్ల పథకం ఖరీదు దాదాపు 2,200 కోట్ల డాలర్లని లెక్క చూపించింది. అప్పట్లో స్టాక్ మార్కెట్ మొత్తం కంపెనీకి కట్టిన విలువ కంటే అదే ఎక్కువ! అంటే విమానాలూ, ఇంజిన్లూ, పైలట్లూ అందరూ ఒక ఎత్తు, మన మైళ్ల ఖాతా ఒక ఎత్తు. క్రెడిట్ కార్డులు అమ్ముకునే బ్యాంకులు తమ ఖాతాదారులకు పంచడానికి విమానాల కంపెనీల దగ్గర మైళ్లను టోకున కొంటాయి కాబట్టి అక్కడ పారేది అసలు సిసలు డబ్బు. అప్పిచ్చేవాడి ముందు మైలు బంగారం, నేను అడిగితే ఇత్తడి కూడా కాదు. ఈ రసవాదం ఏ యోగికి సాధ్యమైంది?

ఇక దివాలాల విషయం. ఇందులో నేను సాధించిన పాండిత్యం ఎవరికీ అక్కర్లేదు గానీ చెబుతాను. దివాలా రెండు రకాలు: ఎగురుతూ తీసేది, దిగిపోయి తీసేది. 2002లో యునైటెడ్, 2005లో డెల్టా, 2011లో అమెరికన్ కోర్టు మెట్లెక్కాయి, విమానాలు మాత్రం ఆపలేదు. మైళ్లు బతికాయి. ఉన్న ప్రయాణికుణ్ని పోగొట్టుకుంటే కోలుకోలేమని వాళ్లకు తెలుసు. 2001లో టీడబ్ల్యూఏ అనే మరో విమానాల కంపెనీని అమెరికన్ కొనేసింది కాబట్టి దాని మైళ్లు కొత్త ఇంటికి చేరాయి. అదే ఏడాది ఆస్ట్రేలియాలో ఆన్సెట్ విమానాల కంపెనీ కూలినప్పుడు పాయింట్లు కూడా దానితోపాటే పోయాయి.

పథకం వేరే కంపెనీగా ఉంటే భయం లేదని ఒక పెద్దమనిషి నాకు ధైర్యం చెప్పాడు. నిజమే, 2019లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయినా దాని పథకం ఇంటర్‌మైల్స్‌గా పేరు మార్చుకుని బతికింది. గుర్రం పోయినా కళ్లెం మిగిలిందన్నమాట. కానీ 2017లో జర్మనీ కంపెనీ ఎయిర్ బెర్లిన్ దివాలా తీస్తే, వేరే కంపెనీగా ఉన్న దాని పథకం కూడా ఆ నెల్లోనే దివాలా తీసింది. పెద్దమనిషికి ఈ సంగతి చెప్పాను. ఫోన్ పెట్టేశాడు.

కాబట్టి మైళ్లను కాపాడుకునే మార్గం ఒక్కటే: తగలేయడం. క్రెడిట్ కార్డు పాయింట్లుంటే బ్యాంకు దగ్గరే ఉంచి, టికెట్టు బుక్ చేసే రోజే మైళ్లుగా మార్చుకోవాలి. ఒకసారి మైళ్లయ్యాక వెనక్కి రావు. ఇది నాకు తెలుసు. అయినా నిరుడు బోనస్ ఇస్తామంటే ఉన్నవన్నీ ఊడ్చి ఇటే పోశాను, అది వేరే విషయం. భాగస్వామి కంపెనీ విమానంలో సీటు తీసుకోవడం కొంత నయం, అదీ ఎప్పుడో వచ్చే ఏడాదికి కాదు, దగ్గర్లోనే. మన కంపెనీ ఆ భాగస్వామికి డబ్బు కట్టకపోతే ఆ టికెట్టుకూ గ్యారంటీ లేదు.

అర్ధరాత్రి దాకా వెతికాను. దొరికింది ఒక్కటే సీటు, టాయిలెట్ పక్కన. రెండు చోట్ల మారాలి, మొత్తం ముప్పై ఒక్క గంటలు. ఆ ఊళ్లో నాకు ఏ పనీ లేదు, ఎవరూ తెలియదు. 1,84,000 మైళ్లు, పన్నులు అదనం. కళ్లు మూసుకుని నొక్కేశాను. పదకొండేళ్లలో మొదటిసారి యాప్ చూడకుండా పడుకున్నాను.

పొద్దున్నే మెయిలొచ్చింది. ‘మీ 320 మైళ్లు పూర్తిగా భద్రం.’ అప్పట్నుంచీ ఒకటే టెన్షన్.