టీకాను నిలదీద్దాం రండి

కుక్క కరిస్తే ముందు గుర్తుకు రావాల్సింది ఆసుపత్రి కాదు, వంటిల్లు. కారం, పసుపు, సున్నం. ఏది ఎక్కువ మండితే అది ఎక్కువ పనిచేస్తుందని పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పావుగంట కడగమంటారు డాక్టర్లు. మరీ చప్పగా లేదూ? మంట పుట్టనిది వైద్యమెలా అవుతుంది?

తర్వాత పక్కూరి పసరాయన దగ్గరికి వెళ్లాలి. ఆకు నూరి పోసి, నలభై రోజులు మాంసం, గుడ్డు ముట్టొద్దంటాడు. మహా చేతివాసి గల మనిషి. కరిచే కుక్కల్లో చాలావాటికి అసలు రేబిస్ ఉండదన్నది వేరే సంగతి. పిచ్చి లేని కుక్క కరిచినవాణ్ని బతికించడమంటే మాటలా!

టీకాను మాత్రం ఊరికే వదలకూడదు. "గ్యారంటీ ఉందా?" అని అడగాల్సిందే. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని భయపడాల్సిందే. ఆ సూదులు ఆగిపోయి 20 ఏళ్లు దాటిందట. ఇప్పుడు సర్కారు ఆసుపత్రిలో మొదలుపెట్టిన రోజు, ఆపై 3, 7, 28 రోజులకు, చేతికే, అదీ ఉచితంగా వేస్తారట. ఉచితమంటే ఇంకా అనుమానించాలి.

నిజం చెప్పాలంటే టీకాకూ హద్దులున్నాయి. రేబిస్ వైరస్ నరాల వెంబడి మెదడు వైపు నెమ్మదిగా పాకుతుంది. అది చేరేలోపే ఒంట్లో దాన్ని అడ్డుకునే యాంటీబాడీలు తయారవ్వాలి. అందుకే కుక్క కరిచాక వేసినా టీకా పనిచేస్తుంది. కానీ ఆ తయారీకి వారం, పది రోజులు పడుతుంది. రక్తం వచ్చేలా కరిస్తే, అందులోనూ ముఖం మీదో మెడ మీదో అయితే, అంత వ్యవధి ఉండకపోవచ్చు. కాబట్టి మొదటి రోజే గాయంలోకి, చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే ముందే తయారై ఉన్న యాంటీబాడీల మందు, కూడా ఎక్కించాలి. ఒక్క టీకాతో సరిపెట్టకూడదు. ఇక నీళ్లను చూసి వణికే దశ వచ్చిందా, ఏ సూదీ ఏమీ చేయలేదు.

ఈ హద్దులే మనకు బాగా కలిసొస్తాయి. పసరు, పథ్యంతో రెండు వారాలు గడిపి, జ్వరమొచ్చాక ఆసుపత్రికి పరుగెత్తుతాం. లేదా రెండు సూదులు వేయించుకుని, మూడోది మేనత్త కూతురి పెళ్లిలో మర్చిపోతాం. పెళ్లి భోజనంలో కోడికూర మాత్రం ముట్టం, పథ్యం కదా! మనిషి పోతే ఊరంతా ఒకే మాట: "టీకా వేయించినా దక్కలేదండీ." పసరాయన పుచ్చుకున్న డబ్బులు ఎవరూ వెనక్కి అడగరు.