భక్తి పెరిగితే పోలీసులకు చెప్పాలా? కాలేజీ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్‌కి జవాబు

తిరుపతి, చిత్తూరు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మన కాలేజీల్లో తీవ్రవాదులు పిల్లలను లాగేస్తున్నారట. హఠాత్తుగా భక్తి పెరగడం, గడ్డం పెంచడం, బట్టల తీరు మారడం, పాత స్నేహితులను వదిలేయడం, ఒంటరిగా ఉండడం, ఫోన్‌కి లాక్ పెట్టడం దీనికి గుర్తులట. బాగా చదివే పిల్లలకు ఈ బెడద లేదట. బ్రిటన్‌లో ఇలాంటి పిల్లలను టీచర్లు పోలీసులకు అప్పగించే చట్టం వచ్చాక అక్కడ సమస్య తీరిపోయిందట. కాబట్టి కాలేజీల్లో రాజకీయ చర్చలు ఆపించాలి, ఫోన్లు లాక్కోవాలి, అనుమానం వస్తే పిల్లాడిని ఏమీ అడగకుండా నేరుగా పోలీసులకు ఫోన్ చేయాలి అని ముగించారు.

పంపినవాళ్ల భయాన్ని నేను తేలిక చేయను. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ హాస్టల్ వార్డెన్ పని కూడా చూసినదాన్ని. మొదటిసారి ఇల్లు వదిలి వచ్చిన పదిహేడేళ్ల పిలకాయలు ఎవరి మాటకు లొంగుతారో చెప్పలేం. కానీ ఈ మెసేజ్ చెప్పినట్టు నడుచుకుంటే, నిజంగా ఆపదలో ఉన్న పిల్లలే మనకు ముందుగా దూరమవుతారు.

ముందు ఆ గుర్తుల సంగతి. కార్తీక మాసం వచ్చిందంటే మా క్లాసుల్లో వెనక బెంచీలు నల్లబడతాయి. మాల వేసుకున్న కుర్రాళ్లు గడ్డం పెంచుతారు, చెప్పులు వదిలేస్తారు, మాంసం ముట్టరు, సినిమాకు రమ్మంటే రారు. తెల్లవారకముందే లేచి చన్నీళ్లు పోసుకుంటారు. మండలం పాటు తోటి స్వాములతోనే వండుకుని, వాళ్లతోనే తిరుగుతారు. అంటే మెసేజ్‌లో ఉన్న గుర్తులు దాదాపు అన్నీ వీళ్లలో కనిపిస్తాయి. ఫోన్ లాక్ మాట వదిలేయండి, అది ఆ మెసేజ్ పంపినవాళ్ల ఫోన్‌కీ ఉంటుంది. తమిళుల పెరటాసి నెలలో ఎంతమంది పిల్లలు నీచు మానేస్తారో ఏ మెస్ వాళ్లనడిగినా చెబుతారు. ఇక ఈ ఊళ్లో ఒకడు సోమవారం పొద్దున గుండుతో క్లాసుకు వస్తే ఎవరైనా అనుమానిస్తారా? మరి రంజాన్ నెలలో ఒక కుర్రాడు గడ్డం పెంచి ఐదు పూటలా నమాజ్ మొదలుపెడితే అది మాత్రం ప్రమాద సూచన ఎలా అవుతుంది? మెసేజ్‌లో ఏ మతం పేరూ లేదు. పేరు లేకపోయినా చదివేవాళ్లు ఎవరిని ఊహించుకుంటారో రాసినవాళ్లకు బాగా తెలుసు.

అసలు తీవ్రవాదం తిరుపతికి ఏ రూపంలో వచ్చిందో గుర్తు చేసుకోండి. 2003 అక్టోబర్ 1న, బ్రహ్మోత్సవాల సమయంలో, కొండకు వెళ్తున్న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి కాన్వాయ్ మీద అలిపిరి దగ్గర క్లేమోర్ మైన్లు పేల్చారు. అది పీపుల్స్ వార్ అనే నక్సలైట్ పార్టీ పని. ఆ పార్టీలోకి వెళ్లిన విద్యార్థులకు హఠాత్తుగా భక్తి పుట్టలేదు, ఏ వేషమూ మారలేదు.

చదువుకునే పిల్లలకు బెడద లేదన్న మాట కూడా అక్కడే తేలిపోతుంది. 1970ల్లో, 80ల్లో మన రాష్ట్రంలో నక్సలైట్ల వైపు ఉన్న రాడికల్ విద్యార్థి సంఘం నుంచి అడవికి వెళ్లినవాళ్లలో ఇంజినీరింగ్ సీటు తెచ్చుకున్నవాళ్లున్నారు. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన నంబాళ్ల కేశవరావు వరంగల్ రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ (ఆర్ఈసీ)లో చదివాడు. ఆ రోజుల్లో అక్కడ సీటంటే మాటలు కాదు. మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శిగా ఉంటూ 2025 మే 21న ఛత్తీస్‌గఢ్ ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడు. 2025 నవంబర్ 10న ఢిల్లీ ఎర్రకోట దగ్గర జరిగిన కారు పేలుడు కేసులో పోలీసులు వెతికినవాళ్లలో డాక్టర్లున్నారు. అన్యాయం గురించి ఎక్కువగా ఆలోచించే పిల్లాడు, ఏదైనా మొదలుపెడితే చివరిదాకా వెళ్లే పిల్లాడు ఇలాంటి ముఠాలకు బాగా పనికొస్తాడు. పైగా మార్కులు వస్తున్నంత కాలం వాడి గురించి అటు కాలేజీ, ఇటు ఇల్లు ఒక్క ప్రశ్న కూడా అడగవు.

బ్రిటన్ మాటకు వద్దాం, ఎందుకంటే మెసేజ్ మొత్తానికి బలం ఇచ్చింది అదే. చట్టం ఉన్న మాట నిజం. 2015లో అక్కడ తెచ్చిన ఉగ్రవాద నిరోధక, భద్రతా చట్టం స్కూళ్లకు, కాలేజీలకు, యూనివర్సిటీలకు ఒక బాధ్యత పెట్టింది. విద్యార్థులు ఉగ్రవాదం వైపు వెళ్లకుండా చూసుకోవాలి. దాన్ని ప్రివెంట్ అంటారు. కానీ అక్కడ టీచర్ పిల్లాడిని పట్టుకెళ్లి స్టేషన్‌లో అప్పగించడు. కాలేజీలో విద్యార్థుల రక్షణ చూసే మనిషి ఒకరుంటారు, ముందు వారికి చెబుతాడు. పైకి పంపాల్సిన విషయమైతే పంపుతారు. పోలీసులు పరిశీలించాక, అవసరమనుకున్నవి ఛానెల్ అనే బృందం ముందుకు వెళ్తాయి. దాన్ని నడిపేది స్థానిక కౌన్సిల్. ఆరోగ్య శాఖ వాళ్లు, సోషల్ వర్కర్లు, విద్యాశాఖ వాళ్లు అందులో కూర్చుంటారు. పిల్లాడు, మైనరైతే తల్లిదండ్రులు, ఒప్పుకుంటేనే సాయం మొదలవుతుంది. అది శిక్ష కాదు, క్రిమినల్ కేసూ కాదు.

ఇంత పద్ధతిగా పెట్టుకున్నా ఏం జరిగిందో చూడండి. 2024 మార్చితో ముగిసిన సంవత్సరంలో ఇంగ్లండ్, వేల్స్‌లో 6,922 మంది పేర్లు ప్రివెంట్‌కు వెళ్లాయి. వాటిలో ఛానెల్ చేపట్టినవి 512. అంటే వందకు ఏడు. ఇస్లామిస్టు తీవ్రవాదం అనుమానంతో వచ్చినవి 13 శాతమైతే, శ్వేతజాతి దురహంకారం లాంటి తీవ్ర రైట్‌వింగ్ వాదం అనుమానంతో వచ్చినవి 19 శాతం. మెసేజ్ చదివినవాళ్లు ఊహించుకునే బొమ్మ ఇది కాదు. లూటన్‌లో నాలుగేళ్ల పిల్లాడు వాళ్ల నాన్న దోసకాయ కోస్తున్న బొమ్మ గీసి 'కుకంబర్' అంటే, నర్సరీ వాళ్లకు అది 'కుకర్ బాంబ్' అని వినిపించి, ప్రివెంట్‌కు పంపే దాకా వెళ్లింది. ఇంకోవైపు, 2024 జూలైలో సౌత్‌పోర్ట్‌లో ముగ్గురు చిన్నారులను పొడిచి చంపిన కుర్రాడి పేరు అంతకుముందు మూడుసార్లు ప్రివెంట్‌కు వెళ్లింది. స్పష్టమైన సిద్ధాంతమేదీ కనిపించలేదని మూడుసార్లూ ఫైలు మూసేశారు. హింస మీద వాడికున్న పిచ్చి అందరికీ కనిపిస్తూనే ఉంది, కానీ వాళ్ల గడుల్లో ఇమడలేదు. సమస్య తీరిపోయిందని ఏ ముఖం పెట్టుకుని రాశారో!

'ఒంటరిగా ఉండడం' అన్న గుర్తులో మాత్రం సగం నిజముంది. అయితే ఒంటరితనం నేరానికి గుర్తు కాదు, వల వేసేవాడికి అది సందు. తిరుపతిలో పిలకాయలకు వల వేసేవాళ్లు సిద్ధాంతాల వాళ్లొక్కరే కాదు. 'నీ బ్యాంకు ఖాతా నెల రోజులు వాడుకుంటాం, పదివేలు ఇస్తాం' అనేవాడున్నాడు. సైబర్ మోసం డబ్బు ఆ ఖాతాలోంచి పోయాక కేసు పిల్లాడి మీద పడుతుంది. ఎర్రచందనం బండికి ముందు బైక్ మీద పైలట్‌గా వెళ్లి, దారిలో చెకింగ్ ఉందో లేదో చెబితే చాలనేవాడున్నాడు. గంజాయి ప్యాకెట్ బస్టాండు దాకా చేర్చమనేవాడున్నాడు. అందరి దారీ ఒకటే. ముందు ఓపిగ్గా వింటాడు. మెస్ బిల్లో, సెమిస్టర్ ఫీజో కట్టి 'అన్న' అవుతాడు. చిన్న పని చెబుతాడు. ఇంట్లో చెప్పొద్దంటాడు. ఆ రహస్యం చేతిలో పడ్డాక బెదిరిస్తాడు. తీవ్రవాద ముఠాలు చేసేదీ ఇదే, కాకపోతే డబ్బు బదులు గౌరవమో పగో చూపిస్తారు. కాబట్టి చూడాల్సింది గడ్డం కాదు. ఎప్పుడూ లేని డబ్బు ఎక్కడిది, పేరు చెప్పని ఆ 'అన్న' ఎవరు, ఒక వర్గాన్ని మొత్తం పురుగుల్లా మాట్లాడడం ఎప్పుడు మొదలైంది, చంపడం చావడం గొప్ప అని ఎందుకంటున్నాడు? ఇవి చూడాలి.

రాజకీయ చర్చలు ఆపేయడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మన కాలేజీల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు 1980ల చివరి నుంచే లేవు. ఇంకా ఆపడానికి ఏం మిగిలింది? క్లాసులో లేచి కోపంగా ప్రశ్న వేసిన కుర్రాడికి లెక్చరర్ జవాబు చెప్పగలరు, తోటివాళ్లు ఎదురు వాదించగలరు. నోరు మూయిస్తే వాడు ఆ ప్రశ్నను టెలిగ్రామ్ ఛానెల్‌కి తీసుకెళ్తాడు. అక్కడ ఎదురు చెప్పేవాళ్లుండరు. ఫోన్ లాక్కోవడం ఇంకా దండగ, వాళ్ల దగ్గర రెండోది ఉంటుంది.

ఇక, పిల్లాడితో మాట్లాడకుండా పోలీసులకు చెప్పాలన్న సలహా. మెసేజ్‌లో అన్నిటికన్నా ప్రమాదమైన మాట ఇదే. లండన్‌లోని బెత్నల్ గ్రీన్ స్కూలు నుంచి 2014 డిసెంబర్‌లో ఒక అమ్మాయి ఐసిస్ ఉగ్రవాదుల్లో చేరడానికి సిరియా వెళ్లిపోయింది. ఆమె స్నేహితురాళ్లతో మాట్లాడాలనుకున్న పోలీసులు, తల్లిదండ్రుల అనుమతి కోరుతూ రాసిన ఉత్తరాలను ఆ అమ్మాయిల చేతికే ఇచ్చారు. వాళ్లు దాచేశారు. 2015 ఫిబ్రవరిలో మరో ముగ్గురు విమానమెక్కేశారు. ఇంట్లోవాళ్లకు ఆ ఉత్తరాలు కనిపించింది ఆ తర్వాతే. లండన్ పోలీసు కమిషనర్ ఆ కుటుంబాలకు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. పోలీసులకు, స్కూలుకు తెలిసింది, తల్లికి తెలియలేదు.

మన దగ్గర పోలీసులు కూడా ఇలాంటి పిల్లలను వెంటనే జైల్లో పెట్టలేదు. 2014లో సిరియా వెళ్లాలని హైదరాబాద్ నుంచి కోల్‌కతా దాకా వెళ్లిన కుర్రాళ్లను తెలంగాణ పోలీసులు వెనక్కి తెచ్చి, కౌన్సెలింగ్ చేసి ఇంటికి పంపారు. వాళ్లలో ఒకడు 2015 డిసెంబర్‌లో నాగపూర్ ఎయిర్‌పోర్టులో మళ్లీ దొరికాడు. కౌన్సెలింగ్ దండగ అనడానికి కొందరు దీన్ని చూపిస్తారు. నాకైతే ఒక్కసారి మాట్లాడి వదిలేస్తే చాలదని అర్థమవుతోంది. చట్టం చూపు కూడా ఇటే ఉంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 83వ సెక్షన్ ప్రకారం, పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలను చేర్చుకుని వాడుకునే మిలిటెంట్ ముఠాలకూ, చట్టవిరుద్ధమైన పనులకు వాడుకునే పెద్దలకూ ఏడేళ్ల దాకా కఠిన శిక్ష, 5 లక్షల జరిమానా ఉన్నాయి. మన ఇంటర్ పిల్లలు దాదాపు అందరూ ఆ వయసు వాళ్లే.

పోలీసులు అక్కర్లేదని నేననడం లేదు. ఆయుధం, పేలుడు సామాను, ఫలానా మనిషిని చంపుతానన్న బెదిరింపు, చెప్పకుండా సరిహద్దు వైపు ప్రయాణం, వీటిలో ఏది కనిపించినా ఆలోచించకుండా 112కు ఫోన్ చేయండి. అది కాకుండా మనసులో ఏదో నలుగుతోంది అనిపిస్తే పిల్లాడి పక్కన కూర్చుని మాట్లాడండి. మీ వల్ల కాకపోతే మానసిక సమస్యలకు ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 ఉంది.

కాలేజీని అడగాల్సిందీ ఒకటుంది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరైనా ఉండాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. కోచింగ్ సెంటర్లకూ, హాస్టళ్లకూ ఇది వర్తిస్తుంది. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చే ముందు వారంలో సంతకాలతో నిండే మెంటార్ రిజిస్టర్ చూపిస్తే ఒప్పుకోకండి. ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో ఆ కౌన్సెలర్ పేరేంటి, ఏ గదిలో కూర్చుంటారు, హాస్టల్ పిలకాయలు రాత్రి పూట వాళ్లను ఎలా కలవాలి అని అడగండి.